సంక్రాంతి సెలవులకు మంచు కొండలు: వాలు చూసి దారి ఎంచుకోవడం

బతుకమ్మ పండుగ దాటిందంటే నల్గొండలో నాకు ఫోన్లు మొదలవుతాయి. సంక్రాంతి సెలవులకు మంచు చూడాలని ఉంది సార్, కేదార్‌కాంత మంచిదా, మనాలీ మంచిదా, గుల్మార్గ్ వెళ్ళవచ్చా అని అడుగుతారు. అడిగేవారిలో భువనగిరి గుట్టమీద తాడు పట్టి ఎక్కడం నేర్చుకున్న కుర్రవాళ్ళు ఉంటారు. జడ్చర్లనుంచి ఇద్దరు పిల్లలతో బయలుదేరే తల్లి ఉంటుంది. మొన్ననే ఉద్యోగ విరమణ చేసి, కాళ్ళలో బలం ఉండగానే హిమాలయం చూడాలనుకునే మాస్టారు ఉంటారు.

అందరూ ఎత్తు అడుగుతారు, ఖర్చు అడుగుతారు, చలి ఎంత ఉంటుందని అడుగుతారు. దారిలో మంచుచరియలు పడే వాలు ఎక్కడుంది, కొత్తగా మంచు పడితే ఆ రోజు ఏం చేస్తారు అని అడిగినవారు ఇన్నేళ్ళలో ఇద్దరో ముగ్గురో. మొదట అడగవలసింది అదేనని నా నమ్మకం. అందుకే ఈ పోలికంతా ఆ ప్రశ్న చుట్టూనే రాస్తున్నాను.

మాటల దగ్గర ఒక చిక్కు ఉంది. మన పత్రికల్లో "హిమపాతం" అంటే ఒకచోట మంచు కురవడం, మరొకచోట కొండమీది మంచు ఒక్కసారిగా విరిగి కిందికి దూకడం. మొదటిది చూడటానికే మనం వెళ్తాం. రెండోది ప్రాణాలు తీస్తుంది. ఇక్కడ రెండోదానిని మంచుచరియ అనే అంటాను.

మన అసలు ఇబ్బంది తేదీ

డెహ్రాడూన్‌లోనో మనాలీలోనో ఉండేవారికి ఒక సౌలభ్యం ఉంది. వాతావరణం బాగా లేకపోతే ఈ వారం మాని వచ్చే వారం వెళ్తారు. మనకు అది కుదరదు. రైలు టికెట్టు 60 రోజుల ముందే తీసుకోవాలి, సెలవు ముందే పెట్టుకోవాలి. నల్గొండనుంచి సికింద్రాబాద్, అక్కడినుంచి ఢిల్లీ, ఆ తరవాత డెహ్రాడూన్, ఆపైన పగలంతా పట్టే కొండదారి ప్రయాణం. అన్నిటికీ డబ్బు కట్టేసి ఉంటాం. మంచుచరియల హెచ్చరిక మాత్రం ఒక రోజు ముందే వస్తుంది. డీఆర్‌డీఓలో భాగమైన డీజీఆర్‌ఈ సంస్థ జమ్మూ కశ్మీర్, లద్దాఖ్, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండలకు ఇచ్చే ఈ హెచ్చరికలు రాబోయే 24 గంటల గురించే మాట్లాడతాయి.

రెండు నెలల ముందు ఖరారయ్యే తేదీకీ ఒక్క రోజు ముందు తెలిసే ప్రమాదానికీ మధ్య చిక్కుకున్నవాడు మొండితనానికి లోనవుతాడు. "ఇంత దూరం వచ్చాం, ఈ ఒక్క పూట నడిచేద్దాం" అంటాడు. అందుకని దక్షిణ తెలంగాణనుంచి వెళ్ళేవారు, ముందురోజు రాత్రే రెండడుగుల మంచు పడినా మరునాడు క్షేమంగా నడవడానికి ఏదో ఒక దారి మిగిలి ఉండే చోటునే ఎంచుకోవాలి. శిఖరం తప్ప మరో గమ్యం లేని చోటు మనలాంటివారికి తగదు.

వాలు

కల్లంలో వడ్లు రాశి పోసినవారికి సగం పాఠం వచ్చినట్టే. పోస్తూ పోతే రాశి ఒక వాలు వరకు నిలుస్తుంది. ఆ తరవాత పోసిన ప్రతి చాటా పక్కలకు జారిపోతుంది. కొత్తగా పడిన పొడి మంచు కూడా అలాగే జారుతుంది. అవి చాలావరకు చిన్నవి.

మనుషులను ఎక్కువగా చంపేది రెండో రకం, పలకగా విరిగేది. ఏటవాలు నేలమీద బొంబాయి రవ్వ పలచగా పరిచి, దానిమీద తాండూరు బండ పెట్టారనుకోండి. బండ గట్టిదే, దానిమీద నిలబడితే కాలు దిగదు. కింది రవ్వకు మాత్రం పట్టు లేదు. ఒక అడుగు బరువుకు ఆ రవ్వ కూలితే బండ మొత్తం కదులుతుంది. కొండమీద ఆ రవ్వ ఎలా పుడుతుందంటే, శీతాకాలం మొదట్లో మంచు పలచగా ఉంటుంది. కింద నేల ఇంకా కొంచెం వెచ్చగా ఉంటుంది, పైన మబ్బులేని రాత్రుల చలి. నేల దగ్గరి ఆవిరి పైకి పాకుతూ మంచు రేణువులను పంచదార పలుకుల్లా మారుస్తుంది. పిడికిలితో పట్టుకుంటే ఆ మంచు ముద్ద కాదు, వేళ్ళ సందుల్లోంచి రాలిపోతుంది. జనవరిలో పశ్చిమ దిక్కునుంచి వచ్చే వాతావరణ అలజడులు దానిమీద ఒక్కసారిగా బరువైన కొత్త మంచు పరుస్తాయి. అంటే మనకు సంక్రాంతి సెలవులు వచ్చేది సరిగ్గా రవ్వమీద బండ పడే కాలంలో.

ఈ పలకలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో. 25 డిగ్రీల లోపు అరుదు. మరీ నిటారుగా ఉన్నచోట మంచు పోగుపడకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. డిగ్రీలు కంటితో పోల్చుకోవడానికి ఒక తేలిక గుర్తు చెబుతాను. మన ఇళ్ళలో మేడమెట్లు చాలావరకు 30 డిగ్రీలు, ఆపైన వాలులో ఉంటాయి. ఎదుటి కొండ మేడమెట్లంత నిటారుగా కనిపించి, చెట్లు లేకుండా నున్నగా తెల్లగా ఉంటే అది మంచుచరియ పడగల చోటు. ఫోనులో వాలు కొలిచే సాధనం ఉంటే చేతికర్రను మంచుమీద పడుకోబెట్టి, దానిపై ఫోను పెట్టి చూడవచ్చు. ఒకటి మాత్రం మరవకండి: మీ కాలి కింది వాలు ఎంత ముఖ్యమో మీ నెత్తిన ఉన్న వాలూ అంతే ముఖ్యం. చదునైన చోట నడుస్తున్నా పైన నిటారు కొండ ఉంటే, విరిగినది వచ్చి పడేది మీ మీదనే. 2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ దగ్గరి మానా గ్రామం వద్ద రోడ్డు పనివారి శిబిరంమీద మంచుచరియ పడి 8 మంది చనిపోయారు. వారు ఏ శిఖరమూ ఎక్కడంలేదు, తమ నివాసాల్లో ఉన్నారు.

దారి ఎంపిక ఎంత తేడా తెస్తుందో మనవాళ్ళ ఉదాహరణే చెబుతాను. భువనగిరి గుట్టమీద ఎక్కడం నేర్చుకున్న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు ఐస్‌ఫాల్ అనే హిమనది జారుడు దగ్గర భారీ మంచుగడ్డలు కూలి 16 మంది నేపాలీ పర్వత కార్మికులు మరణించారు. ఆ వైపు ఆ ఏటి ఆరోహణలు దాదాపుగా ఆగిపోయాయి. మన పిల్లలు టిబెట్ వైపునుంచి వెళ్ళారు. శిఖరం ఒకటే, కాలమూ ఒకటే, దారులు రెండు.

వాలు కాక చూడవలసిన మూడు సంగతులు

కొత్త మంచు, గాలి. ఒక రోజులో అడుగు మంచు పడితే ఆ తరవాతి 24 గంటలనుంచి 48 గంటల వరకు నిటారు వాలుల జోలికి వెళ్ళకూడదు. గాలి ఉంటే ఇంకా తక్కువ మంచు చాలు. గాలి ఒక వైపు మంచును ఎత్తి కొండ వెన్నుకు అవతలి వైపు కుప్ప పోస్తుంది. వెన్ను అంచున ఆ మంచు ఇంటి చూరులా గాలిలోకి సాగి ఉంటుంది. దానిమీద నిలబడి ఫొటో దిగేవారికి కింద ఏమీ లేదని తెలియదు. ఆకాశం నీలంగా విచ్చుకున్న మరునాడే అందరికీ కాళ్ళు దురద పెడతాయి, సరిగ్గా అదే ప్రమాదం ఎక్కువగా ఉన్న రోజు. హెచ్చరికల్లో ఐదు స్థాయిలు ఉంటాయి. ఐదో స్థాయి చూసి అందరూ ఆగిపోతారు. యూరప్‌లో మరణాలు ఎక్కువగా నమోదయ్యేది మూడో స్థాయి రోజుల్లో, ఎందుకంటే ఆ రోజు జనం "మధ్యరకమే కదా" అని బయలుదేరతారు.

వెనుదిరిగే వీలు. దట్టమైన అడవిలో చెట్లు మంచును పట్టి ఉంచుతాయి. చెట్లు పలచబడిన చోట, కొమ్మలన్నీ ఒకే పక్కకు విరిగి ఉన్న చోట, కొండ చీలికల్లో ఆ భద్రత లేదు. దారిలో ఎంత భాగం అడవి, ఎక్కడినుంచి వెనక్కి రావచ్చు అన్నది చూడాలి.

సాయం. మంచులో పూడిపోయినవారిని మొదటి 10, 15 నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది. అరగంట దాటితే చాలా తగ్గిపోతుంది. ఆ వ్యవధిలో ఏ హెలికాప్టరూ రాదు. తీయవలసింది పక్కన నడుస్తున్న మిత్రులే. దానికి ప్రతి ఒక్కరి దగ్గరా మూడు వస్తువులు ఉండాలి: ఒంటిమీద కట్టుకునే సంకేత పరికరం బీకన్, పొడుగాటి గుచ్చుడు కర్ర, మంచు తవ్వే పార. నేను వెళ్ళిన మామూలు శీతాకాలపు ట్రెక్కింగ్ బృందాల్లో ఎక్కడా బీకన్లు లేవు. అంటే పూడిపోతే తీసే మార్గం లేదని ఒప్పుకునే నడుస్తున్నాం. అలాంటప్పుడు పూడిపోయే చోటికి వెళ్ళకపోవడం ఒక్కటే రక్షణ.

ఇక చలి, తుపాను. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని కుదిపేసిన హుద్‌హుద్ మనందరికీ గుర్తుంది. ఆ తుపాను శేషమే ఉత్తరానికి సాగి రెండు రోజుల్లో నేపాల్ అన్నపూర్ణ ప్రాంతంలో విపరీతమైన మంచుగా కురిసింది. థోరాంగ్ లా కనుమ చుట్టుపక్కల మంచుతుపానులోనూ మంచుచరియల్లోనూ 40 మందికి పైగా చనిపోయారు. అక్టోబరు అక్కడ నడకకు మేలైన నెల. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే మనం కోతల గురించి ఆలోచిస్తాం. కొండకు వెళ్ళేవారు కొండ గురించి కూడా ఆలోచించాలి.

ఒక చూపులో

| చోటు | ఎత్తు (మీటర్లు) | మంచు కాలం | నిటారు వాలు | మంచు ఎక్కువైతే |
|---|---|---|---|---|
| దయారా బుగ్యాల్ | 3,400కు పైన | డిసెంబరు–మార్చి | చాలా తక్కువ | అడవి అంచున నడక మిగులుతుంది |
| కేదార్‌కాంత | సుమారు 3,800 | డిసెంబరు–ఏప్రిల్ | చివరి ఎక్కుడులో | చెరువు, బేస్‌క్యాంపు వరకు |
| బ్రహ్మతాల్ | సుమారు 3,700 | డిసెంబరు–మార్చి | కొండ వెన్ను పక్కలు | బేకల్‌తాల్ వరకు |
| కువారీ కనుమ | సుమారు 3,700 | డిసెంబరు–ఏప్రిల్ | కనుమకు ముందు కొంత | గోర్సన్ మైదానం, ఔలీ |
| సోలంగ్, సిస్సూ | 2,500–3,100 | జనవరి–మార్చి | రోడ్డు పైనున్న కొండలు | మనాలీలోనే ఉండిపోవడం |
| గుల్మార్గ్ | 2,650–3,950 | జనవరి–మార్చి | తీగబండి రెండో అంచె పైన అంతా | కింది వాలులు |
| హంప్టా కనుమ | 4,270 | జూన్ | కనుమ రెండు వైపులా | దాదాపు ఏమీ లేదు |

దయారా బుగ్యాల్: మొదటిసారికి నా ఎంపిక

ఉత్తరకాశీ జిల్లాలో రైథల్, బార్సూ గ్రామాల పైన ఉన్న విశాలమైన పచ్చికబయలు ఇది. బుగ్యాల్ అంటే అక్కడివారి మాటలో ఎత్తైన పచ్చిక మేత నేల. శీతాకాలంలో కనుచూపు మేర మంచు, వాలు మాత్రం మన ఊళ్ళలో చెరువు కట్ట దిగినంత సాఫీ. అడవిలోంచి ఎక్కి బయలులోకి వస్తాం. బయలులో డేరాలు వేయడాన్ని ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో నిషేధించింది, అందుకే బస అడవి అంచునే. ఇది మనకు కలిసివచ్చే సంగతి, రాత్రంతా చెట్ల నీడలో ఉంటాం.

శిఖరం ఎక్కామని చెప్పుకోవడానికి ఇక్కడ ఏమీ లేదు. యువకులు అందుకే పక్కన పెడతారు. నేను మాత్రం మోకాలి లోతు మంచులో ఎలా నడవాలి, తడిసిన సాక్సు ఎంత సేపట్లో వేళ్ళను మొద్దుబారుస్తుంది, మంచుమీద ఎండ కళ్ళను ఎలా కోస్తుంది అనేవన్నీ ఇక్కడే నేర్చుకోమంటాను. ఆ పాఠాలు నిటారు వాలుమీద నేర్చుకోవడం మంచిది కాదు.

కేదార్‌కాంత: పేరుకూ నిజానికీ మధ్య

మన వైపునుంచి వెళ్ళేవారిలో ఎక్కువమంది అడిగేది ఇదే. ఉత్తరకాశీ జిల్లా సాంక్రీ గ్రామంనుంచి మొదలై, పైన్, ఓక్ అడవుల్లోంచి జూడా కా తాలాబ్ అనే చెరువు దగ్గరికి, అక్కడినుంచి బేస్‌క్యాంపుకు చేరుతుంది. ఇంతవరకు దారి చెట్ల మధ్యనే, పెద్ద భయం లేదు. చివరి రోజు తెల్లవారుజామున రెండు మూడు గంటలకు లేపి, తలకు దీపం కట్టి నడిపిస్తారు. చెట్లు అయిపోయాక వచ్చే చివరి ఎక్కుడు మేడమెట్ల వాలును అందుకుంటుంది.

చీకటిలో బయలుదేరడానికి కారణం సూర్యోదయం ఒక్కటే అనుకుంటారు. రాత్రి చలికి గట్టిపడిన మంచు తెల్లవారుజామున పట్టు ఇస్తుంది, ఎండెక్కాక మెత్తబడి జారుతుంది. ఫిబ్రవరి, మార్చిలో ఇది మరీ నిజం. తొమ్మిది, పది గంటలకల్లా ఆ వాలు దిగేసి ఉండాలి. కొత్త సంవత్సరం వారంలో ఇక్కడ జనం ఎంత ఉంటారంటే, ఎక్కుడులో వరుస ఆగిపోతుంది. నిటారు వాలుమీద వంద మంది ఒకచోట నిలబడటం నాకు నచ్చదు. కాళ్ళు తొక్కి తొక్కి గాజులా మారిన మంచుమీద జారి పడటమే ఆ రోజుల్లో ఎక్కువ. బూటుకింద కట్టుకునే ఇనుప ముళ్ళు లేకుండా వెళ్ళవద్దు.

మంచి సంగతి ఏమిటంటే, శిఖరం వదులుకున్నా ఈ దారి వృథా కాదు. బేస్‌క్యాంపునుంచి స్వర్గారోహిణి కొండలు కనిపిస్తాయి, గడ్డకట్టిన చెరువు ఉంటుంది, అడవి ఉంటుంది. మా మిర్యాలగూడ బృందంలో సగంమంది ఒకసారి అక్కడితో ఆగారు. ఆ ఏటి ఫొటోల్లో బాగున్నవన్నీ వారివే.

బ్రహ్మతాల్: అందం ఎక్కువ, గాలి ఎక్కువ

చమోలీ జిల్లా లోహాజంగ్‌నుంచి బేకల్‌తాల్ చెరువు మీదుగా వెళ్ళే దారి. కేదార్‌కాంత కన్నా జనం తక్కువ. కొండ వెన్ను మీదికి రాగానే 7,120 మీటర్ల త్రిశూల్, పక్కన నందా ఘుంటి ఎదురుగా నిలుస్తాయి. ఆ దృశ్యం కోసం ఎంత దూరమైనా రావచ్చు. వెన్నుమీద నడక కాబట్టి నెత్తిన కొండ లేదు, అది మేలు. కీడు గాలితో వస్తుంది. గాలి చాటు పక్కన మంచు పలకలు కడుతుంది, అంచున చూరులు పెరుగుతాయి.

ఒక జనవరిలో బేకల్‌తాల్ దగ్గర మాకు రెండు రోజులు ఆగకుండా మంచు పడింది. మూడో రోజు ఆకాశం కడిగినట్టు ఉంది. అందరమూ వెన్నుమీదికి బయలుదేరాం. ముందు నడుస్తున్న గైడు ఒక చిన్న వాలు అడ్డంగా దాటబోతుండగా మంచు కిందనుంచి "ధబ్" మని శబ్దం వచ్చింది. పక్క గదిలో ధాన్యం బస్తా పడేసినట్టు, చెవికన్నా కాళ్ళకు ముందు తెలిసిన శబ్దం. మా చుట్టూ మంచు అంగుళం మేర కుంగింది, గైడు బూటు దగ్గరనుంచి సన్నని పగులు పైకి పాకింది. అతను చెయ్యి ఎత్తి అందరినీ ఆపాడు, వచ్చిన అడుగుల్లోనే ఒక్కొక్కరిని వెనక్కి పంపాడు. కింది రవ్వ పొర కూలినప్పుడు వచ్చే శబ్దం అదేనని తరవాత చెప్పాడు. ఆ వాలు ఇంకో ఐదారు డిగ్రీలు ఎక్కువ ఉండి ఉంటే ఈ మాట రాయడానికి నేను ఉండేవాడిని కానేమో.

ఆ రోజు ఆ కొండమీద ఏ మంచుచరియా పడలేదు. పడలేదు కాబట్టి గైడు అనవసరంగా భయపడ్డాడని మా బృందంలో ఒకరు తిరుగు రైలు ఎక్కేదాకా వాదించారు. మంచు కొండల్లో అనుభవం ఇలాగే తప్పుదారి పట్టిస్తుంది. పది సార్లు ప్రమాదకరమైన వాలు దాటి ఏమీ కాకపోతే, ఆ పది సార్లూ మనం సరిగ్గానే నిర్ణయించామని మనసు నమ్ముతుంది.

బ్రహ్మతాల్ రెండోసారి వెళ్ళేవారికి, అదీ ఒక రోజు అదనంగా పెట్టుకోగలిగినవారికి.

కువారీ కనుమ

జోషీమఠ్ వైపునుంచి వెళ్ళే ఈ దారిలో నందాదేవి దర్శనం దొరుకుతుంది. కనుమ వరకు మధ్యస్థంగా ఉంటుంది. దీనికి జత చేసి అమ్మే పంగర్‌చుల్లా శిఖరం మాత్రం పూర్తిగా వేరే విషయం. 4,500 మీటర్లు దాటుతుంది, పై భాగం నిటారు, చెట్లు లేవు. కనుమ చూసి తృప్తి పడగలిగితే వెళ్ళండి.

సోలంగ్, సిస్సూ: పిల్లలతో వెళ్ళేవారికి

"అన్నా, మాకు ట్రెక్కింగ్ వద్దు, పిల్లలు మంచుతో ఆడుకుంటే చాలు" అని జడ్చర్లనుంచి ఫోను చేసిన తల్లికి నేను మనాలీయే చెప్పాను. కానీ ట్రెక్కింగ్ లేదు కాబట్టి ప్రమాదం లేదని అనుకోవద్దనీ చెప్పాను. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో గ్యాంగ్‌టక్‌నుంచి నాథులా వెళ్ళే రోడ్డు పక్కన మంచులోకి దిగిన పర్యాటకులమీద మంచుచరియ పడి ఏడుగురు చనిపోయారు. మనలాగే కార్లలో వచ్చినవారు.

మనాలీకి దగ్గరలోనే సోలంగ్ లోయ, అటల్ సొరంగం అవతల సిస్సూ. మనాలీనుంచి ఆ సొరంగం వైపు వెళ్తుంటే ధుండీ దగ్గర రోడ్డుకు ఇరుపక్కలా కొండలు నిటారుగా లేస్తాయి. మంచు బాగా పడిన రోజుల్లో పోలీసులు ఆ దారిని మూసేస్తారు. మూసినప్పుడు డ్రైవరుకు ఎక్కువ డబ్బిచ్చి ఎలాగైనా తీసుకెళ్ళమనే అలవాటు మానుకోవాలి. తెరిచి ఉన్నప్పుడు కూడా ఆ కొండల కింద కారు ఆపి దిగవద్దు. చదునుగా, విశాలంగా ఉండే సోలంగ్ కింది మైదానంలో ఆడుకోనివ్వండి. పిల్లలు జారుడు ఆడటానికి చిన్న దిబ్బ చాలు, పైన తెల్లని గోడ అక్కరలేదు.

గుల్మార్గ్: స్కీయింగ్ ఆశ ఉన్నవారికి

ఇక్కడి గొండోలా, అంటే తీగమీద నడిచే తీగబండి, రెండు అంచెలు. మొదటిది కోంగ్‌డూరి వరకు, రెండోది అఫర్వత్ కొండమీద దాదాపు 3,950 మీటర్ల దాకా చేరుస్తుంది. ఊరి దగ్గరి కింది వాలులు నేర్చుకునేవారికి అనువైనవి, అక్కడ శిక్షణ ఇచ్చే ప్రభుత్వ సంస్థ కూడా ఉంది. రెండో అంచె పైన దిగి, గస్తీ సిబ్బంది చూసుకునే హద్దు దాటితే, అక్కడినుంచి అంతా తెరిచిన కొండే. ప్రపంచం నలుమూలలనుంచి నిపుణులు ఆ మంచుకోసం వస్తారు. 2023 ఫిబ్రవరి 1న అక్కడ మంచుచరియలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు మరణించారు. 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ మరణించారు. మంచు మధ్య పుట్టి పెరిగిన దేశాలవారి సంగతే అలా ఉంటే, నలభై అయిదు డిగ్రీల ఎండలో పెరిగిన మనం మొదటి ఏడాదే ఆ హద్దు దాటాలని ఆలోచించకూడదు.

గొండోలా వల్ల ఒక మోసం జరుగుతుంది. కాళ్ళతో ఎక్కితే దారిలో పది చోట్ల మంచు తీరు తెలుస్తుంది, ఊపిరి ఆడకపోతే శరీరం ఆపుతుంది. తీగమీద కూర్చుని నిమిషాల్లో పైకి వెళ్ళినవారికి ఏ హెచ్చరికా అందదు. వారం రోజులు ఉండి కింద నేర్చుకోదలచుకుంటే గుల్మార్గ్ మేలు. రెండు రోజుల్లో చూసి రావాలంటే మొదటి అంచెతో ఆగండి.

జూన్ కనుమలు

వేసవి సెలవులు ముగిసేలోపు మంచు చూడాలని హిమాచల్‌లోని హంప్టా కనుమకు వెళ్తారు. జూన్ మంచు తడి మంచు, మధ్యాహ్నం ఎండకు బరువెక్కి జారుతుంది. వాగులమీద మంచు వంతెనలు పైకి గట్టిగా కనిపిస్తూ కింద కరిగిపోతుంటాయి. అవతలి లోయలోకి దిగడమే ఈ దారి ఉద్దేశం కాబట్టి మధ్యలో ఆగితే మిగిలేది ఏమీ లేదు. నేను మొదట పెట్టుకున్న కొలత ప్రకారం ఇది చివరి స్థానంలో ఉంటుంది. 2024 జూన్ మొదట్లో ఉత్తరాఖండ్ సహస్రతాల్ దారిలో మంచుతుపానులో చిక్కుకుని కర్ణాటక బృందంలో 9 మంది చనిపోయారు. జూన్ అనే మాట అక్కడ వేసవికి హామీ కాదు.

ఎవరికి ఏది

భువనగిరిలో తాడు పట్టడం నేర్చుకున్న కుర్రవాళ్ళకు ఒక మాట. రాయిమీద పట్టు మీకుంది, అది మంచుమీద కొంతే పనికొస్తుంది. రాయి నిన్న ఎలా ఉందో నేడూ అలాగే ఉంటుంది, మంచు పూటకొక తీరు. నిజంగా ఈ దారిలో సాగాలనుకుంటే శిఖరాలు లెక్కపెట్టడం ఆపి, ఉత్తరకాశీలో 1965లో మొదలైన నెహ్రూ పర్వతారోహణ సంస్థలోనో, డార్జీలింగ్‌లోని హిమాలయన్ సంస్థలోనో దాదాపు నాలుగు వారాల ప్రాథమిక శిక్షణకు పేరు ఇవ్వండి. శిక్షణ ఉంటే మంచు మనల్ని వదిలేస్తుందని కాదు. 2022లో విజయదశమికి ముందురోజు, అక్టోబరు 4న, ద్రౌపదీ కా డాండా కొండమీద మంచుచరియకు బలైనవారు ఆ ఉత్తరకాశీ సంస్థ ఉన్నత శిక్షణలో ఉన్నవారే, వారికి నేర్పేవారే. మృతులు, ఆచూకీ దొరకనివారు కలిపి 29 మంది. తెలిసినవారు అంత జాగ్రత్తగా ఉండి కూడా అంత నష్టపోయే చోటికి, తెలియకుండా వెళ్ళవద్దని చెప్పడానికే రాశాను.

యాభై దాటిన మాస్టార్లకు దయారా. మూడు నెలల ముందునుంచి దేవరకొండ కోట మెట్లో, ఉమామహేశ్వరం మెట్లో వారానికి రెండుసార్లు ఎక్కండి. సలేశ్వరం జాతరకు లోయలోకి దిగి మళ్ళీ ఎక్కిన కాళ్ళకు ఈ నడక భారం కాదు, ఎత్తులో గాలి పలచబడటం మాత్రం కొత్త. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వాంతి వస్తే ఇంకొక అడుగు పైకి వేయవద్దు.

మిత్రబృందంగా, ఇదివరకు ఒక్కసారైనా మంచులో నడిచి ఉంటే కేదార్‌కాంత, కొత్త సంవత్సరం వారం తప్పించి. కుటుంబంతో అయితే సోలంగ్.

అడ్వాన్సు కట్టే ముందు

నిర్వాహకులను నాలుగు ప్రశ్నలు అడగండి. కొత్త మంచు పడితే శిఖరం రద్దు చేసే అధికారం ఎవరిది, అక్కడున్న గైడుదా, హైదరాబాద్ ఆఫీసుదా? రద్దయిన రోజు మమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్తారు? డేరాలు వేసే చోటికి పైన వాలు ఎలా ఉంది? ఉదయం పూట హెచ్చరిక ఎవరు చూస్తారు, మాకు చెబుతారా? ఒకసారి ఒక నిర్వాహకుడు నాకు "శిఖరం గ్యారంటీ సార్" అన్నాడు. ఆ మాట విన్నాక ఆ బృందంతో వెళ్ళలేదు.

గైడు దగ్గరికి చేరాక మొదటి సాయంత్రమే, అందరి ముందూ, ఆయన వెనక్కి తిరగమంటే మేము తిరుగుతామని చెప్పండి. పర్యాటకుల ఒత్తిడికి తలవంచే గైడులు ఉన్నారు, ఆ ఒత్తిడి పెట్టేది మనమే.

తిరుగు రైలు టికెట్టు, ట్రెక్కింగ్ ముగిసే తేదీకి రెండు రోజుల తరవాతిది తీసుకోండి. ఆ రెండు రోజులూ మిగిలిపోతే ఉత్తరకాశీలో విశ్వనాథుణ్ణి, ఋషీకేశ్‌లో గంగను చూసి రావచ్చు.